ఫ్యూయల్ ట్యూనింగ్ బాక్స్ బిగించాలి: ఓ2 సెన్సర్‌ని ఏం చేయాలి, మ్యాప్ ఎలా సెట్ చేయాలి?

గేర్‌లీవర్:
బండి 400 సీసీ లోపు సింగిల్ సిలిండర్, ఫ్యూయల్ ఇంజెక్షన్. ఫ్రీ ఫ్లో ఎగ్జాస్ట్, హై ఫ్లో ఎయిర్ ఫిల్టర్ ఇప్పటికే ఉన్నాయి. 3000–4500 ఆర్పీఎం మధ్య కొద్దిపాటి త్రాటిల్ మీద నిలకడగా పోతుంటే బండి ముందుకీ వెనక్కీ కుదుపుతోంది. త్రాటిల్ వదిలితే సైలెన్సర్‌లో పటపటమని పేలుళ్లు. పిగ్గీబ్యాక్ బాక్స్ (బండి కంప్యూటర్‌కీ ఇంజెక్టర్‌కీ మధ్య ఉండి పెట్రోల్‌ని సర్దే ట్యూనింగ్ బాక్స్) చేతికొచ్చింది. కిట్‌లో ఇంజెక్టర్ కనెక్టర్ల జత, టీపీఎస్‌కి (త్రాటిల్ ఎంత తెరుచుకుందో చెప్పే సెన్సర్) ఒక వైరు, గ్రౌండ్ వైరు, ఓ2 సెన్సర్ (ఎగ్జాస్ట్‌లో ఆక్సిజన్ చూసేది) బదులు పెట్టే ప్లగ్ ఉన్నాయి.

వైరింగ్‌లో ఎక్కడ జాగ్రత్త పడాలి? ఓ2 ప్లగ్ పెట్టాలా వద్దా? ఇదే మోడల్‌కి నెట్‌లో దొరికిన మ్యాప్ (ఏ ఆర్పీఎంలో, ఎంత త్రాటిల్‌కి పెట్రోల్ ఎంత శాతం మార్చాలో చెప్పే గళ్ల పట్టిక) వేసేస్తే సరిపోతుందా?

వైరింగ్‌మనిషి:
వైరింగ్ వరకు నేను చెబుతా.

ట్యాంక్ తీయాల్సి వస్తే ఫ్యూయల్ లైన్‌లో ప్రెషర్ ఉంటుందని మరవకండి, చాలా బండ్లలో 3 బార్ దగ్గర ఉంటుంది. పంప్ ఫ్యూజ్ పీకేసి, ఇంజిన్ స్టార్ట్ చేసి, దానంతట అదే ఆగిపోయేదాకా వదిలేయండి. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ విప్పి పని మొదలుపెట్టండి. పైపు విప్పేటప్పుడు కింద గుడ్డ పెట్టండి, కొంచెమైనా కారుతుంది. ఇంజిన్ చల్లగా ఉండాలి.

ఇంజెక్టర్ కనెక్టర్‌ని క్లిప్ నొక్కి తీయాలి. వైరు పట్టుకుని లాగితే లోపలి పిన్ను వదులవుతుంది, ఆ తప్పు నెల తర్వాత గుంతల రోడ్డు మీద బయటపడుతుంది. బండి వైపు కనెక్టర్ బాక్స్ హార్నెస్‌లోకి, హార్నెస్ రెండో మూతి ఇంజెక్టర్ మీదికి. టక్కుమని పడాలి.

గ్రౌండ్ నేరుగా బ్యాటరీ నెగటివ్‌కే ఇవ్వండి. ఫ్రేమ్ బోల్టుకి ఇస్తే అక్కడి పెయింటూ తుప్పూ వల్ల గ్రౌండ్ సరిగ్గా అందదు, టీపీఎస్ రీడింగ్ ఊగుతుంది.

టీపీఎస్‌కి మూడు వైర్లుంటాయి: 5 వోల్టులు, గ్రౌండ్, సిగ్నల్. రంగు చూసి ఊహించకండి. పని పూర్తయ్యే ముందు బ్యాటరీ తిరిగి కలిపి, ఇగ్నిషన్ ఆన్ చేసి, ఇంజిన్ ఆపి ఉంచి మల్టీమీటర్ పెట్టండి. త్రాటిల్ మెల్లగా తిప్పుతుంటే ఏ వైరులో వోల్టేజి అర వోల్టు చుట్టుపక్కల నుంచి 4 దాటేదాకా జర్క్ లేకుండా పెరుగుతుందో అదే సిగ్నల్. నొక్కి బిగించే క్లిప్పులు కొన్ని లోపలి తీగల్ని కోసేస్తాయి. ఇన్సులేషన్ కొద్దిగా ఒలిచి సోల్డర్ చేసి హీట్ ష్రింక్ వేయడం నా లెక్కలో సరైన పద్ధతి.

వైర్లు ఇగ్నిషన్ కాయిల్‌కీ స్పార్క్ ప్లగ్ వైరుకీ జానెడు దూరంలో పోవాలి, ఎగ్జాస్ట్ పైపుకి అసలు దగ్గరికి రాకూడదు. బాక్స్‌ని సీటు కింద, కనెక్టర్ల మూతులు కిందికి చూసేలా పెడితే నీళ్లు నిలవవు. హ్యాండిల్ రెండు వైపులా చివరిదాకా తిప్పి ఏ వైరూ బిగుసుకోవడం లేదని చూడండి.

ఇప్పుడు అసలైన పరీక్ష. మ్యాప్‌లో అన్ని గళ్లూ సున్నా పెట్టి స్టార్ట్ చేయండి. బండి బాక్స్ లేనప్పుడు ఎలా నడిచిందో అచ్చం అలాగే నడవాలి. తేడా కనిపిస్తే లోపం వైరింగ్‌లో ఉంది, మ్యాప్ జోలికి పోవద్దు.

ల్యాంబ్డా_088:
బండిలో కంపెనీ పెట్టేది సాధారణంగా న్యారోబ్యాండ్ సెన్సర్. మిశ్రమం 14.7కి (బరువులో ఒక వంతు పెట్రోల్‌కి 14.7 వంతుల గాలి) అటుందా ఇటుందా అన్నది తప్ప ఎంత దూరంలో ఉందో అది చెప్పలేదు. రిచ్ (పెట్రోల్ ఎక్కువ) అయితే 0.8 వోల్టు పైన, లీన్ (పెట్రోల్ తక్కువ) అయితే 0.2 కింద. ఈసీయూ (ఇంజిన్ కంప్యూటర్) దాన్ని 0.45 చుట్టూ అటూ ఇటూ ఊపుతూ పెట్రోల్ సర్దుతుంది. ఇది క్రూజింగ్‌లో, అంటే సరిగ్గా మీకు కుదుపు వచ్చే చోట. మీరు 3500 దగ్గర 6 శాతం పెంచారనుకోండి, సెన్సర్ 'రిచ్' అంటుంది, ఈసీయూ ఆ 6 శాతాన్ని మళ్లీ కోసేస్తుంది. బాక్స్ పనిచేయట్లేదన్న ఫిర్యాదుల్లో చాలా వాటికి మూలం ఇదే.

అందుకే ఆ ప్లగ్. కాని ప్లగ్ పెట్టాక క్రూజింగ్‌లో సర్దుబాటు చేసేవాళ్లుండరు, ఆ గళ్లన్నీ మీరే నింపాలి. కొలవకుండా నింపితే మైలేజీ పోతుంది, క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటే అది వేడెక్కి చెడిపోతుంది. కొలిచే సాధనం లేనప్పుడు ప్లగ్ పెట్టొద్దు.

కొలవడానికి వైడ్‌బ్యాండ్ (ఎంత రిచ్చో, ఎంత లీనో అంకెల్లో చెప్పే సెన్సర్) కావాలి. దాని బంగ్ (సెన్సర్ బిగించడానికి ఎగ్జాస్ట్ పైపుకి వెల్డ్ చేసే మరల రింగు) 18 మి.మీ., 1.5 పిచ్. సెన్సర్ అడ్డంగా పడుకోకుండా కనీసం 10 డిగ్రీలు పైకి వాలి ఉండాలి, లేదంటే చెమ్మ చేరి పగులుతుంది. పెట్రోల్‌లో ఇథనాల్ ఉంటే 14.7 అన్న అంకె మారుతుంది, కాబట్టి మీటర్‌ని ల్యాంబ్డాలో చదవండి (1 అంటే సరిసమానం, తక్కువైతే రిచ్, ఎక్కువైతే లీన్). క్రూజింగ్‌లో 0.95 చుట్టుపక్కల, ఫుల్ త్రాటిల్‌లో 0.88 దగ్గర మొదలుపెట్టవచ్చు.

లెక్క తేలిక: వచ్చిన అంకెని కావాల్సిన అంకెతో భాగించండి. 0.96 వచ్చింది, 0.88 కావాలి. 0.96 ÷ 0.88 = 1.09, ఆ గడిలో 9 పెట్టాలి. ఒకేసారి కాకుండా ముందు 6 పెట్టి మళ్లీ కొలవండి. పక్క గళ్లని కూడా సర్దండి, ఒక గడి 9, పక్కది 0 ఉంటే ఆ అంచు దగ్గర బండి తడబడుతుంది.

నెట్ మ్యాప్ సంగతి: దాన్ని చేసినవాళ్ల సైలెన్సర్‌లో డీబీ కిల్లర్ (శబ్దం తగ్గించే ముక్క) ఉందో లేదో కూడా తెలీదు. దాని మీద ఫుల్ త్రాటిల్ ఇవ్వొద్దు. అక్కడ లీన్ అయితే నాకింగ్ (సిలిండర్‌లో మిశ్రమం అదుపు తప్పి పేలడం) మొదలై పిస్టన్ దెబ్బతింటుంది.

నీలిమంట:
పై రెండూ సరే, ఆ పటపటకి మాత్రం మ్యాప్ మందు కాదు. త్రాటిల్ వదిలినప్పుడు ఈసీయూ ఇంజెక్షన్ ఆపేస్తుంది లేదా బాగా తగ్గిస్తుంది. ఇంజిన్‌లో మండకుండా మిగిలిన పెట్రోల్ ఆవిరికి వేడి పైపులో గాలి దొరికితే అక్కడ పేలుతుంది. గాలి వచ్చే దారులు రెండు. ఒకటి హెడర్ (ఇంజిన్‌కి బిగించే ఎగ్జాస్ట్ పైపు) గ్యాస్కెట్ లేదా జాయింట్ లీక్: ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు జాయింట్ మీద సబ్బునీళ్లు చల్లి స్టార్ట్ చేయండి, బుడగలు లేస్తే అక్కడే. రెండోది సెకండరీ ఎయిర్ వాల్వ్, అది కావాలనే ఎగ్జాస్ట్ పోర్ట్‌లోకి గాలి పంపుతుంది.

ఈ రెండూ వైడ్‌బ్యాండ్‌ని కూడా మోసం చేస్తాయి. సెన్సర్ చూసేది ఆక్సిజన్‌ని. బయటి గాలి కలిస్తే లీన్ అని చూపిస్తుంది, మిస్‌ఫైర్ అయినా అంతే. దాన్ని నమ్మి పెట్రోల్ పెంచుకుంటూ పోతే స్పార్క్ ప్లగ్ నల్లబడుతుంది, ఆయిల్‌లో పెట్రోల్ కలుస్తుంది. ముందు లీక్ సరిచేసి, కొలిచేంతసేపూ ఆ వాల్వ్ గొట్టాన్ని క్లిప్ పెట్టి మూయండి.

ఇంకొకటి. 9000 ఆర్పీఎంలో ఒక పూర్తి సైకిల్ 13.3 మిల్లీసెకన్లు. అక్కడ ఇంజెక్టర్ ఇప్పటికే 11 మిల్లీసెకన్లు తెరిచి ఉంటే, 15 శాతం పెంచినప్పుడు 12.65 అవుతుంది, అంటే 95 శాతం డ్యూటీ (సైకిల్‌లో ఇంజెక్టర్ తెరిచి ఉండే వంతు). ఇంజెక్టర్‌కి మూసుకునే వ్యవధే ఉండదు. పైన ఎంత పెంచినా మీటర్ కదలకపోతే పెద్ద ఇంజెక్టర్ కావాలని అర్థం.

గేర్‌లీవర్:
అందరికీ థాంక్స్. సబ్బునీళ్లకి హెడర్ దగ్గర బుడగలు వచ్చాయి, కొత్త గ్యాస్కెట్ వేశాక పేలుళ్లు బాగా తగ్గాయి. బాక్స్ కలిపి సున్నా మ్యాప్ మీద పెట్టా, నడక మారలేదు. కాని త్రాటిల్ పూర్తిగా మూసినా సాఫ్ట్‌వేర్‌లో 3 శాతం చూపిస్తోంది.

వైరింగ్‌మనిషి:
టీపీఎస్ కాలిబ్రేషన్ చేయలేదు. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి ఐడిల్ నిలబడ్డాక మూసిన పొజిషన్ సేవ్ చేయండి. తర్వాత ఇంజిన్ ఆపి, ఇగ్నిషన్ ఆన్‌లో ఉంచి, త్రాటిల్ చివరిదాకా తిప్పి తెరిచిన పొజిషన్ సేవ్ చేయండి. సేవ్ చేసేముందు కేబుల్‌లో కొంచెం ఫ్రీప్లే (వదులు) ఉందో లేదో చూడండి, కేబుల్ బిగుతుగా ఉంటే సున్నా తప్పుగా పడుతుంది. ఇది సరిచేయకుండా మ్యాప్ మొదలుపెడితే 0 శాతం గడిలో రాసింది బండికి ఎప్పటికీ చేరదు.