ఎర్రమట్టి దిబ్బల ఫొటోలు పెట్టేటప్పుడు లొకేషన్ ఇవ్వాలా, వద్దా?

కొండరాయి

నాలుగేళ్లుగా విశాఖ చుట్టుపక్కల కొండలు, రాళ్లు, మట్టి గురించి రాస్తున్నాను. ఏ ఫొటో పెట్టినా కింద లొకేషన్ ఇవ్వడం నాకు అలవాటు. చదివినవాళ్లు వెళ్లి కళ్లారా చూడాలని నా ఆశ. ఇప్పుడు ఆ అలవాటు మానేద్దామా అని ఆలోచిస్తున్నాను.

కిందటి డిసెంబరులో విశాఖ-భీమిలి మధ్య సముద్రం దగ్గరున్న ఎర్రమట్టి దిబ్బల్లో, వాన నీళ్లు కోసిన ఒక సన్నటి పాయలోకి దిగాను. మనిషి పక్కకి తిరిగితేనే పట్టే దారి, రెండు వైపులా నిలువు గోడలు. ఎడమ గోడలో మోకాలెత్తు దగ్గర ఇటుక రంగు ఇసుక ఆగిపోయి గోధుమ రంగు పొర మొదలవుతుంది. ఆ పొర నిండా శనగ గింజంత నుంచి నిమ్మకాయంత దాకా గట్టి ముద్దలు. రెండు పొరల మధ్య గీత స్కేలు పెట్టి గీసినట్టు ఉంది. అరగంట అక్కడే కూర్చుండిపోయాను. ఇంటికొచ్చి ఫొటోలు, లొకేషన్ పెట్టాను. చాలామంది షేర్ చేశారు.

ఫిబ్రవరిలో మళ్లీ వెళ్తే సరిగ్గా ఆ గీత మీద తాళంచెవితో చెక్కిన రెండు పేర్లు కనిపించాయి. పైనుంచి జారుతూ రీల్స్ తీసుకున్నట్టున్నారు, మూడడుగుల మేర అంచు విరిగి పాయలో పడి ఉంది.

అది రాయి కాదు కదా. ఆ ఇసుక రేణువుల్ని పట్టి ఉంచేది కాస్త బంకమట్టి, పల్చటి ఇనుప తుప్పు పూత. పైపెచ్చు ఒకసారి ఊడిందంటే తర్వాతి వాన అక్కడి నుంచే కోసుకుంటూ పోతుంది. సుమారు 20 వేల ఏళ్ల కిందట, మంచుయుగంలో, సముద్రమట్టం ఇప్పటికంటే దాదాపు 120 మీటర్లు కిందికి పోయింది. అప్పుడు బయటపడ్డ నేల మీది ఇసుకను గాలి మోసుకొచ్చి పోస్తే పెరిగిన దిబ్బలివి. వాటిలో ఒక గోడకి దారి చూపించింది నేనే అన్న బాధ నన్ను వదలడం లేదు.

2025 సెప్టెంబరులో దిబ్బలు యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరాయి. ఇక వచ్చేవాళ్లు పెరుగుతారే తప్ప తగ్గరు. అందుకే ఇకమీదట ఫొటో పెడతాను, విషయం రాస్తాను, చోటు మాత్రం చెప్పను అనుకుంటున్నాను. మీరేమంటారు?

భీమిలి గెడ్డ

అన్నా, నీ బాధ అర్థమైంది. కానీ నీ నిర్ణయం నాకు నచ్చలేదు.

మాది దిబ్బల పక్క ఊరే. చిన్నప్పుడు జీడితోటల్లో జీడిపళ్లు ఏరుకుని, మేకల్ని తోలుకుని ఆ పాయల్లోనే తిరిగాం. పెద్ద వాన పడ్డ మర్నాడు గెడ్డ ఎర్రగా పారుతూ సముద్రంలో కలిసే చోట నీళ్లు రెండు రంగులుగా కనిపించేవి. ఇంత దగ్గరున్నా అవి ఏమిటో మాకు ఒక్కరూ చెప్పలేదు. ఊళ్లో అందరికీ అది ఉత్తి ఎర్రమట్టే. లారీల్లో మట్టి తోలుకుపోతున్నా ఎవరికీ తప్పనిపించలేదు. మట్టే కదా, పోతే ఏం పోయింది అనేవారు మా పెద్దవాళ్లు. తెలియనప్పుడు అలాగే అంటారు.

2024లో దిబ్బల్ని చదును చేయడానికి మెషిన్లు దిగినప్పుడు ఏం జరిగిందో గుర్తు తెచ్చుకో. ఫొటోలు బయటికొచ్చాయి. అప్పటికే ఆ చోటు చూసినవాళ్లు, కుటుంబంతో వచ్చి ఫొటో దిగినవాళ్లు, సైన్సు మాస్టార్లు, పత్రికలవాళ్లు అందరూ గొంతెత్తారు. పని ఆపక తప్పలేదు. ఆ రోజు ఆ చోటు ఎక్కడుందో పదిమందికే తెలిసుంటే ఏమయ్యేది? రెండు పేర్లు చెక్కిన గోడ నీకు బాధ కలిగించింది, సరే. ఒక్క జేసీబీ పూటలో చేసే నష్టం వంద తాళంచెవులు పదేళ్లు గీకినా చేయలేవు.

ఇంకో మాట. నువ్వు లొకేషన్ దాచినంత మాత్రాన అది దాగదు. అక్కడ సినిమా షూటింగులు ఎన్నేళ్ల నుంచి జరుగుతున్నాయి? భీమిలి రోడ్డు మీద వెళ్లే ఏ ఆటో డ్రైవరును అడిగినా దించుతాడు. నువ్వు దాస్తే ఆగిపోయేది నీ దగ్గర చదివి, అర్థం చేసుకుని, జాగ్రత్తగా నడిచే మనిషి. రీల్స్ కుర్రాళ్లు నిన్ను అడిగి రారు.

చాక్‌పీస్

నేను హైస్కూల్లో భౌతికశాస్త్రం చెప్తాను. భీమిలి గెడ్డ గారి మాట చాలావరకు ఒప్పుకుంటాను. కొండరాయి గారూ, మీ డిసెంబరు పోస్టు మళ్లీ తీసి చదివాను. ఏమీ అనుకోకండి, అందులో పదకొండు ఫొటోలు, లొకేషన్ ఉన్నాయి. అది ఎంత పెళుసో చెప్పే మాట ఒక్కటి లేదు. మీరు ఇవాళ ఇక్కడ రాసిన బంకమట్టి, తుప్పు పూత సంగతి ఆ రోజే ఫొటో కింద రాసి ఉండాల్సింది.

మా తొమ్మిదో తరగతి పిల్లలతో చేసిన పని చెప్తాను. ఊరి రోడ్డు పక్కన రాలిపడి ఉన్న ఎర్రమట్టి గుప్పెడు తెచ్చి (దిబ్బల్లోంచి కాదు), నీళ్ల సీసాలో వేసి గట్టిగా కుదిపాం. నిమిషంలో ఇసుక అడుక్కి చేరిపోయింది. నీళ్లు మాత్రం మర్నాటికీ ఎర్రగానే ఉన్నాయి. ఆ ఎరుపు అంతా సన్నటి బంకమట్టి, ఇనుము. పైన తేలుతున్నదే ఇసుకని కలిపి ఉంచిన జిగురు అని చెప్పాను. ఒక అమ్మాయి సీసా ఎత్తి పట్టుకుని, "అంటే మనం కాలు వేసిన ప్రతిసారీ ఈ జిగురే విడిపోతుందా మేడమ్?" అంది.

తర్వాత వాళ్లని దిబ్బలకి తీసుకెళ్లాను. ముప్ఫై ఎనిమిది మంది. గట్టున ఉన్న దారి దాటి ఒక్కరూ లోపలికి దిగలేదు, ఒక్కసారి కూడా అరవాల్సిన అవసరం రాలేదు. లొకేషన్ ఇవ్వండి. ఇచ్చే ముందు సీసా చూపించండి.

తీరం దారి

అన్ని చోట్లనీ ఒకే గాటన కట్టేస్తున్నారేమో. డాల్ఫిన్స్ నోస్, కైలాసగిరి, తెన్నేటి పార్కు కింద రాళ్లు గట్టివి. లక్షమంది ఎక్కి దిగినా వాటికి పోయేదేమీ లేదు, చెత్త తప్ప. మంగమారిపేట దగ్గర శిలాతోరణం వేరు. కింద అలలు కొరుకుతున్నాయి, పైన మనుషులు ఎక్కుతున్నారు. దాని లొకేషన్ ఇవ్వొచ్చు, పైకి ఎక్కొద్దని మొదటి వాక్యంలోనే రాయాలి. దిబ్బల్లో రోడ్డు వైపు చూసే చోటు ఇవ్వొచ్చు. లోపలి పాయలు ఇవ్వకూడదు. ఇక ఆదిమానవుల రాతి పనిముట్లు దొరికే జాగాలైతే, ఎవరికీ, ఎంత స్నేహితుడికైనా చెప్పకూడదు. ఏది దేనికి తట్టుకుంటుందో చూసి చెప్పాలి గానీ అన్నిటికీ కలిపి ఇవ్వాలా వద్దా అంటే జవాబు దొరకదు.

కొత్తవలస కుర్రాడు

కొత్తగా చేరాను. తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద మేం రోజూ కూర్చుంటాం. వాటిలో చూడటానికి ఏముంది? అడగొచ్చో లేదో తెలీదు.

కొండరాయి

తప్పకుండా అడగొచ్చు తమ్ముడూ. ఈసారి కూర్చున్నప్పుడు తడి రాయి మీదికి వంగి దగ్గరగా చూడు. దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి చుక్కలు కనిపిస్తాయి. అవి గార్నెట్లు. వాటి మధ్య సన్నటి నారల్లా ఉండేది సిల్లిమనైట్ అనే ఖనిజం. అక్కడక్కడ వేలికి నల్లగా అంటుకుంటే అది గ్రాఫైటు, నీ పెన్సిల్లో ఉండేదే. ఈ రాయి పేరు ఖొండలైట్. 1902లో వాకర్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒడిశా కొండల్లోని కోంధు గిరిజనుల పేరు మీద ఆ పేరు పెట్టాడు. కోణార్క్ గుడి కట్టింది ఎక్కువగా ఈ జాతి రాయితోనే.

ఇది మొదట మామూలు బురద, ఇసుక. ఎప్పటిదో ఒక సముద్రం అడుగున పేరుకుంది. తర్వాత భూమి లోపలికి ఇరవై కిలోమీటర్లకు పైగా కూరుకుపోయి, 800 డిగ్రీలు దాటిన వేడిలో ఉడికి, దాదాపు 100 కోట్ల ఏళ్ల కిందట ఇలా మారింది. అప్పుడు మన తూర్పు కనుమలు, తూర్పు అంటార్కిటికా ఒకే నేల. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట ఆ నేల చీలడం మొదలై మధ్యలో సముద్రం తెరుచుకుంది. నువ్వు కూర్చునే రాయికి తోబుట్టువులు ఇప్పుడు అక్కడ మంచు కింద ఉన్నాయి. ఆ సముద్రం ఒడ్డే నువ్వు రోజూ చూసేది.

బీచ్‌లో అల వెనక్కి వెళ్లాక ఇసుక మీద గులాబీ, నలుపు చారలు మిగులుతాయి చూశావా? గులాబీవి అరిగిన గార్నెట్లు, నల్లవి ఎక్కువగా ఇల్మనైట్ అనే ఇనుమున్న ఖనిజం. కొండ అరిగి గెడ్డలో పడి, సముద్రంలో నలిగి ఒడ్డుకొచ్చిన రేణువులు. దిబ్బలకి ఆ ఎరుపు రావడానికి కావలసిన ఇనుము కూడా ఇలాంటి ఖనిజాలు తుప్పుపట్టగా వచ్చిందే.

కొత్తవలస కుర్రాడు

ఇవాళ సాయంత్రం వెళ్లి చూశాను అన్నా. గార్నెట్లు నిజంగానే ఉన్నాయి. ఫోన్ లైటు వేస్తే మెరిశాయి. మూడేళ్లుగా వాటి మీదే కూర్చుంటున్నాం.

చాక్‌పీస్

కొండరాయి గారూ, ఈ కుర్రాడికి మీరు లొకేషన్ ఇవ్వలేదు. తను రోజూ వెళ్లే చోటికే మళ్లీ పంపించారు.

బోరు మిషను

నేను బోరు తవ్వకాల్లో పని చేసి రిటైరైనవాణ్ని. పెద్ద చదువు లేదు గానీ రాయి పొడి చూసి ఎన్నో అడుగున ఉన్నామో చెప్పగలను. అరకు దారిలోని బొర్రా సున్నపురాయి గుహల సంగతి చెప్తాను, మీ చర్చకి పనికొస్తుంది.

మొదటిసారి బొర్రాకి వెళ్లినప్పుడు కాగడా వెలుగులో చూశాం. మొన్న మనవణ్ని తీసుకెళ్లాను. మెట్లు, కటకటాలు, రంగు దీపాలు. మొదట మనసు చివుక్కుమంది. తర్వాత చూస్తే, దారి కట్టినందువల్ల జనం దారిలోనే నడుస్తున్నారు. చుట్టుపక్కల గిరిజన ఊళ్లవాళ్లు గైడ్లుగా ఉన్నారు. చెయ్యి పెట్టేవాడి మీద గట్టిగా కేకేసేది వాళ్లే, అది వాళ్ల కొండ, వాళ్ల కూడు కాబట్టి. చెయ్యి అందే ఎత్తులో ఉన్న రాళ్లు నల్లగా, నున్నగా అయిపోయాయి. పై కప్పు నుంచి దిగేవి తెల్లగానే ఉన్నాయి. మన చేతి జిడ్డు అంటితే దాని మీద సున్నం పేరడం సరిగా సాగదు. అలాంటి రాయి పెరిగేది ఏడాదికి మిల్లీమీటరులో పదో వంతో, అంతకన్నా తక్కువో. మనవడికి అదే చెప్పాను, నువ్వు ఒక్కసారి పట్టుకుంటే నీ మనవడి కాలానికి కూడా ఆ మచ్చ పోదురా అని.

ఇంకోటి. చోటు చెప్పడం కన్నా తప్పు కబురు చెప్పడం నన్ను ఎక్కువ బాధపెడుతుంది. బొర్రా గుహల్ని 1807లో జీఎస్ఐకి (దేశంలో రాళ్లు, ఖనిజాలు పరిశీలించే ప్రభుత్వ సంస్థ) చెందిన ఒక తెల్లదొర కనిపెట్టాడని ఎక్కడ చూసినా రాస్తారు. జీఎస్ఐ మొదలైందే 1851లో. నలభై నాలుగేళ్ల ముందే ఆ సంస్థ మనిషి ఎలా వస్తాడు? పైగా ఆవు పడిన కన్నం లోంచి దిగి లింగాన్ని చూసి మొక్కుకున్నామని చెప్పే ఊళ్లు పక్కనే ఉన్నాయి. వాళ్లు చూసినది కనిపెట్టడం కాదా? మీరు చదువుకున్నవాళ్లు, షేర్ చేసే ముందు ఈ చిన్న లెక్క వేసుకోండి.

భీమిలి గెడ్డ

పెద్దాయనా, మీకు దణ్ణం. మా దిబ్బలకి కావలసింది అదే. లొకేషన్ దాచడం బదులు నలుగురు ఊరి కుర్రాళ్లని నేర్పించి అక్కడ నిలబెట్టండి.

తీరం దారి గారూ, రాతి పనిముట్ల విషయంలో మాత్రం మీతో పేచీ ఉంది. ఎవరికీ చెప్పకూడదంటారు. మా చిన్నప్పుడు ఎవరో పరిశోధకులమని వచ్చి రెండు సంచుల రాళ్లు ఏరుకెళ్లారు. అవి ఏమయ్యాయో ఊరికి ఈనాటికీ తెలీదు. ఆ ఊరివాళ్లకి కూడా దాస్తారా?

తీరం దారి

మీ కోపం న్యాయమైనది. అలా తీసుకెళ్లి మళ్లీ వచ్చి చెప్పకపోవడం తప్పే. నా మాట ఊరివాళ్ల గురించి కాదు. చిన్న రాతి బ్లేడు ఒకటి ఎవరైనా జేబులో వేసుకున్నారనుకోండి, దాని విలువంతా అక్కడితో సరి. అది ఏ పొరలో, ఏ లోతున, దేని పక్కన ఉందో అన్నదే దాని వయసు చెప్పే సాక్ష్యం. మీ ఊరికి చెప్పాలి, మీరే కాపలా కాయాలి. ఇంటర్నెట్‌లో వేలమందికి చెప్పడం మాత్రం ఒప్పుకోలేను.

భీమిలి గెడ్డ

ఊరికి ముందు చెప్తారంటే అప్పుడు ఒప్పుకుంటాను. అంతవరకు ఒప్పుకోను.

కొండరాయి

ఇందాకే నా పాత పోస్టులు కూర్చుని సరిచేశాను. లోపలి పాయల లొకేషన్లు తొమ్మిది తీసేశాను. రోడ్డు నుంచి దిబ్బలు కనిపించే చోటు, తెన్నేటి పార్కు, శిలాతోరణం ఉంచాను. తోరణం పోస్టులో ఎక్కొద్దన్న మాట పైకి తెచ్చాను. డిసెంబరు పోస్టులో మేడమ్ చెప్పిన సీసా ప్రయోగం చేర్చాను, విరిగిన అంచు ఫొటో కూడా పక్కనే పెట్టాను.

ఒక సంగతి ఇవాళే గమనించాను, అందరూ చూసుకోండి. ఫోన్ కెమెరాలో లొకేషన్ ఆన్‌లో ఉంటే, మనం రాయకపోయినా ఫొటో ఫైలులో ఆ చోటు అక్షాంశ రేఖాంశాలతో సహా ఉండిపోతుంది. వాట్సాప్‌లో డాక్యుమెంటుగా పంపినా, డ్రైవ్ లింకు ఇచ్చినా అది వెంట వెళ్తుంది. నేను పంచిన ఫోల్డరులో అలాంటివి నలభైకి పైగా ఉన్నాయి. ఆ ఫోల్డరు మూసేశాను.

చాక్‌పీస్

మంచిది. ఈసారి ఎనిమిదో తరగతిని తీసుకురావాలి. సెప్టెంబరులో రావచ్చా, భీమిలి గెడ్డ గారూ?

భీమిలి గెడ్డ

వద్దు మేడమ్. వానలప్పుడు గట్లు నానిపోయి ఉంటాయి, పిల్లలు నిలబడితే అంచు విరుగుతుంది. వాళ్లకీ ప్రమాదం, దానికీ నష్టం. సంక్రాంతి వెళ్లాక రండి, పొద్దున్నే ఏడు లోపు. ఎండ ఏటవాలుగా పడి పొరలు బాగా కనిపిస్తాయి. మా ఊళ్లో ఇంటర్ చదివే ఇద్దరు కుర్రాళ్లున్నారు, వాళ్లని కూడా తెస్తాను. ఆ సీసా మాత్రం మర్చిపోకండి.