స్వైపింగ్ మిషన్ విప్పగానే చచ్చిపోయింది, లోపలి కీ మెమరీని రీసెట్ చేయొచ్చా?

తెనాలి_సెల్_పాయింట్:
అందరికీ నమస్తే. నాది సెల్ రిపేరు షాపు. మా బావ కిరాణా కొట్లో స్వైపింగ్ మిషన్ డిస్‌ప్లే పగిలితే, ఏముందిలే, ఫోన్‌కి కాంబో మార్చినట్టే కదా అని వెనక స్క్రూలు విప్పాను. కొత్తది వేసి ఆన్ చేస్తే ‘ట్యాంపర్’ అని వచ్చింది, ఏ బటన్ నొక్కినా అదే. మళ్ళీ పాత డిస్‌ప్లే పెట్టి బిగించినా లాభం లేదు. బోర్డు మీద వాచీ సెల్లు లాంటిది ఒకటి ఉంది, కీప్యాడ్ కింద మెలికలు తిరిగిన సన్న గీతల పొర ఉంది. ఇన్నేళ్ళుగా ఫోన్లు విప్పుతున్నాను, విప్పినందుకే చచ్చిపోయే వస్తువుని ఇప్పుడే చూస్తున్నా. రీసెట్ కోడ్ ఎవరి దగ్గరైనా ఉందా? బావతో మాట పడేలా ఉంది.

బోర్డు_బాబు:
అన్నా, అది పాడవలేదు, దాని డ్యూటీ అది చేసింది. కస్టమర్ కొట్టిన పిన్ ఆ మిషన్‌లోనే ఎన్‌క్రిప్ట్ అయి, అంటే ఎవరూ చదవలేని రూపంలోకి మారి బయటికి వెళ్తుంది, దానికి కావాల్సిన కీ, అంటే రహస్య సంఖ్య, లోపల ఎస్‌ర్యామ్ అనే చిన్న మెమరీలో ఉంటుంది, కరెంటు అందుతున్నంత వరకే అది డేటా పట్టుకుంటుంది. ఆ వాచీ సెల్లు ఉన్నది దాన్ని బతికించడానికే. ఫోన్ స్టోరేజ్‌లో ఉండే ఫ్లాష్ మెమరీలో ఎందుకు పెట్టరంటే, అందులో రాసింది కరెంటు పోయినా ఉండిపోతుంది, చెరపాలంటే టైమూ పవరూ రెండూ కావాలి, దొంగ ముందే పవర్ పీకేస్తే ఇక చెరిపేదెవరు? నువ్వు చూసిన మెలికల గీతల్లో ఎప్పుడూ సిగ్నల్ తిరుగుతుంటుంది, డ్రిల్లు పెట్టి ఒక్క గీత తెంపినా చిప్‌కి తెలిసిపోయి కీ చెరిపేస్తుంది. మూత లేస్తే తెరుచుకునే స్విచ్‌లు వేరే ఉంటాయి. మెయిన్ బ్యాటరీ తీసేసినా ఇవన్నీ మేలుకునే ఉంటాయి, నువ్వు స్క్రూలు తీసినప్పుడే కీ పోయింది. రీసెట్ కోడ్ అంటూ ఏదీ లేదు, కీలు మళ్ళీ ఎక్కించాల్సిందే, అది బ్యాంకు తరఫు వాళ్ళే చేయాలి. డబ్బులిస్తే అన్‌లాక్ చేస్తామనే వీడియోల జోలికి పోకు.

చలిమిడి:
పైన చెప్పింది కరెక్టే, కాకపోతే పవర్ పోతే ఎస్‌ర్యామ్ వెంటనే ఖాళీ అయిపోతుందనుకోవద్దు. మైనస్ 20 డిగ్రీల కిందికి చల్లబరిస్తేనే డేటా నిలుస్తుందని ఒకప్పుడు లెక్క, అందుకే అంత చల్లబడితే దాడి జరుగుతున్నట్టే అనుకునేలా మిషన్లు తయారుచేసేవాళ్ళు. 2002లో కేంబ్రిడ్జ్ యూనివర్సిటీలో స్కోరోబొగటోవ్ అనే పరిశోధకుడు కొన్ని చిప్‌లను టెస్ట్ చేసి ఆ మైనస్ 20 లెక్క నమ్మదగింది కాదని చూపించాడు. కంప్యూటర్‌లో ఉండే డీర్యామ్ సంగతి ఇంకా ఘోరం, 2008లో ప్రిన్స్‌టన్ యూనివర్సిటీ వాళ్ళు దుమ్ము ఊదే గాలి డబ్బా తలకిందులు చేసి స్ప్రే కొట్టి మైనస్ 50కి తెస్తే, పవర్ తీసిన పది నిమిషాలకి కూడా ఒక శాతం బిట్లు కూడా చెడలేదు. అందుకని సెల్లు తీసేస్తే చాలనుకోకుండా చిప్ తనే కీ మీద వేరే డేటా రాసేయాలి.

ఇంకోటి, ఒకే కీ ఏళ్ళ తరబడి ఒకే చోట ఉంటే గోడకి క్యాలెండర్ తీసేశాక మచ్చ మిగిలినట్టు మెమరీ గడుల్లో దాని జాడ పడుతుంది. మంచి డిజైన్లలో అప్పుడప్పుడూ సున్నాలు ఒకట్లూ తిరగేసి రాస్తుంటారు.

టెండర్ల_సూరి:
టెండర్లకి డిజిటల్ సంతకం పెట్టే మా డీఎస్‌సీ టోకెన్‌లో (పెన్‌డ్రైవ్ లాంటిది) బ్యాటరీ కూడా ఉండదు కదా, మరి దాని సంగతేంటి? పాస్‌వర్డ్ వరసగా తప్పు కొట్టి లాక్ చేసుకున్నా, టెండరుకి రేపే ఆఖరు.

బోర్డు_బాబు:
సూరి గారూ, అది వేరే రకం. కీ చిప్‌లోపలే పుడుతుంది, సంతకం లోపలే జరుగుతుంది, కీ బయటికి రాదు. బ్యాటరీ లేదు కాబట్టి విప్పగానే చెరిగిపోవడం ఉండదు, చిప్‌లోంచి చదవడాన్నే కష్టం చేస్తారు. లాక్ తీసే అడ్మిన్ పాస్‌వర్డ్ ఉందేమో మీకు టోకెన్ ఇచ్చినవాళ్ళని ఇప్పుడే అడగండి. ఫార్మాట్ మాత్రం కొట్టకండి, కీ పోతుంది, సర్టిఫికెట్ మళ్ళీ కొనాలి.

తెనాలి_సెల్_పాయింట్:
థ్యాంక్స్ అన్నా. సర్వీసు వాళ్ళకి ఫోన్ చేశాం, వేరే మిషన్ పంపుతామన్నారు. ఎవరైనా విప్పారా అని అడిగితే బావ లేదనేశాడు, స్క్రూ మీద సీలు చిరిగి ఉందన్న సంగతి ఇంకా ఆయనకి చెప్పలేదు.