లారెల్-హార్డీ, స్టూజెస్, కీటన్ షార్ట్‌లు: నిజంగా నవ్వొస్తోందా, నవ్వు తెచ్చుకుంటున్నామా?

పాతరీలు:
ఆదివారం మధ్యాహ్నం మా ఎనిమిదేళ్ళ వాడి చేతిలోంచి ఫోన్ లాక్కుని, ఏడుపు ఆపడానికి టీవీలో 'ది మ్యూజిక్ బాక్స్' పెట్టాను. 1932 నాటి షార్ట్, అంటే చిన్న సినిమా, అరగంట లోపే. లారెల్, హార్డీ ఇద్దరూ ఒక పియానో పెట్టెను పొడవాటి మెట్లదారిలో మోసుకెళ్ళి పైనున్న ఇంటికి చేర్చాలి. కథంతా ఇదే. పెట్టె జారుతుంది, ఎక్కిస్తారు, మళ్ళీ జారుతుంది. నానా చావూ చచ్చి పైకి చేర్చాక పోస్ట్‌మ్యాన్ వచ్చి, అటు పక్క నుంచి బండి దారి ఉందిగా, మెట్లెందుకు ఎక్కారు అంటాడు. అప్పుడు వీళ్ళేం చేస్తారంటే, పెట్టెను మెట్లన్నీ మళ్ళీ దించి, బండికెక్కించి, ఆ దారిన తీసుకొస్తారు.

మావాడు ఏడుపు మర్చిపోయి సోఫా మీద దొర్లాడు. నేను ఎన్నోసారి చూస్తున్నానో లెక్క లేదు, అయినా నాకూ నవ్వు ఆగలేదు.

నా వాదన ఇది. ఎవరో జారిపడితే నవ్వడం పెద్ద విషయం కాదు, రీల్స్‌లో రోజూ నవ్వి పైకి తోసేస్తున్నాం. ఈ షార్ట్‌లలో వాళ్ళు పడబోతున్నారని మనకి ముందే తెలుస్తుంది, వాళ్ళకి తెలీదు. ఆ మధ్యలో ఒక గ్యాప్ ఉంటుంది. హార్డీ మన వైపు తిరిగి "చూస్తున్నారా నా ఖర్మ" అన్నట్టు ఒక చూపు చూస్తాడు. సరుకంతా అక్కడుంది. తొంభై ఏళ్ళు దాటినా పాడవనిది అదే. కాదంటే చెప్పండి.

రాత్రిషిఫ్టు:
కాదనే అంటున్నా పాతరీలు గారూ. మీ అబ్బాయి నవ్వింది మీరు నవ్వుతున్నారని. పిల్లలు సగం స్క్రీన్ చూస్తారు, సగం నాన్న మొహం చూస్తారు.

ఒకరినొకరు కొట్టుకుని నవ్వించే ముగ్గురి జట్టు త్రీ స్టూజెస్ సంగతే తీసుకోండి. కొలంబియా స్టూడియో 1934 నుంచి 1959 దాకా వాళ్ళవి 190 షార్ట్‌లు విడుదల చేసింది. 1957 చివర్లో, ఇక చాలు ఇంటికెళ్ళండి అంది. 1958లో పాత షార్ట్‌లను టీవీకి అమ్మింది. స్కూలు పిల్లలు ఎగబడి చూశారు. మూలన పడ్డవాళ్ళు రాత్రికి రాత్రి మళ్ళీ స్టార్లయ్యారు, ఏకంగా పెద్ద సినిమాలే తీశారు. అంటే వాళ్ళని బతికించింది మీరంటున్న గ్యాప్ కాదు, టీవీ వాళ్ళకి రెడీగా దొరికిన ఇరవై నిమిషాల ముక్కలు. చిన్నప్పుడు ఏది అలవాటైతే అదే క్లాసిక్. మా ఇంటి ఆవకాయని మించింది లేదని నేనూ అంటాను, పక్కింటివాళ్ళని అడిగితే వేరే చెప్తారు.

ఎడిటింగ్‌టేబుల్:
రాత్రిషిఫ్టు బ్రో, ఆ రోజుల్లో అమెరికా టీవీలో కౌబాయ్ సినిమాలు కూడా దండిగా వేశారు. వాటిలో ఒక్క పేరు చెప్పు చూద్దాం, గూగుల్ చెయ్యకుండా.

నేను పదేళ్ళుగా ఎడిటింగ్ పని చేస్తున్నా, నా బాధ వేరు. 1929లో వచ్చిన 'బిగ్ బిజినెస్' చూడండి, మాటల్లేవు. మళ్ళీ లారెల్, హార్డీలే. ఎండ మండిపోయే కాలిఫోర్నియాలో ఇంటింటికీ తిరిగి క్రిస్మస్ చెట్లు అమ్ముతుంటారు. ఒకాయన వద్దని తలుపేస్తాడు. చెట్టు కొమ్మ తలుపులో ఇరుక్కుంటుంది. మళ్ళీ బెల్లు కొడతారు. ఈసారి కోటు ఇరుక్కుంటుంది. అలా మొదలై, వీళ్ళు ఆయన ఇల్లు పీకుతారు, ఆయన వీళ్ళ కారు పీకుతాడు. అయితే ఒకడు విరగ్గొడుతుంటే రెండోవాడు అడ్డుపడడు. పూర్తయ్యేదాకా శ్రద్ధగా చూసి, తర్వాత తన పని మొదలుపెడతాడు. ప్రహరీ గోడ తగాదాలు చూసినవాళ్ళకి ఇదేం కొత్త కాదు, కాకపోతే మనవాళ్ళు వంతు కోసం ఆగరు. వీధిలో జనం పోగవుతారు. పోలీసు ఒకడు కారులో కూర్చుని అన్నీ నోట్‌బుక్‌లో రాసుకుంటుంటాడు.

ఇంకొకటి, మూకీల నాటి హాస్యనటుడు బస్టర్ కీటన్ 'వన్ వీక్', 1920. కొత్త జంటకి పెళ్ళి కానుకగా పెట్టెల్లో విడి భాగాలుగా ఇల్లొస్తుంది, నంబర్ల ప్రకారం బిగించుకోవాలి. ఆ అమ్మాయి కాదన్న ఇంకొకడు కసి కొద్దీ నంబర్లు మార్చేస్తాడు. ఇల్లు వంకరటింకరగా తయారవుతుంది, గాలివానకి బొంగరంలా తిరుగుతుంది. తీరా చూస్తే కట్టింది వేరేవాళ్ళ స్థలంలో. సరే అని ఇంటిని ఈడ్చుకెళ్తుంటే రైలు పట్టాల మీద ఇరుక్కుంటుంది. రైలొస్తోంది. ఇద్దరూ కళ్ళు మూసుకుంటారు. రైలు పక్క పట్టాల మీద నుంచి వెళ్ళిపోతుంది. హమ్మయ్య అనుకుంటారు, మనమూ అనుకుంటాం. అంతలో ఎదురు వైపు నుంచి ఇంకో రైలొచ్చి ఇంటిని తుక్కు చేసేస్తుంది. ఆ రెండు రైళ్ళ మధ్య ఊపిరి ఒకటుంది. నా దగ్గరికొచ్చే క్లయింట్లయితే ఫస్ట్ మాటే "ఇక్కడ ల్యాగ్ ఉంది, లేపెయ్" అంటారు. లేపేస్తే రెండో రైలుకి నవ్వు రాదు. ఇది నోస్టాల్జియా ఎలా అవుతుంది? నేను వీటిని మొదటిసారి చూసిందే ముప్పై ఏళ్ళు వచ్చాక.

లిఫ్ట్‌లేని మూడో అంతస్తు:
మొన్న ఇల్లు మారుతూ అమ్మమ్మ బీరువా మూడో అంతస్తుకి ఎక్కించాం. రెండో మలుపులో ఇరుక్కుంది. పక్క ఫ్లాట్ అంకుల్ లుంగీ ఎగ్గట్టుకుని వచ్చి "అడ్డంగా తిప్పండి... కాదు నిలువుగా" అని అరగంట సలహాలిచ్చాడు. ఆ పోస్ట్‌మ్యాన్ ఎవరో నాకు తెలుసండీ.

అన్నట్టు ఆ మెట్లు సెట్ కాదు. లాస్ ఏంజెలెస్‌లో సిల్వర్ లేక్ అనే పేటలో ఇప్పటికీ ఉన్నాయి, మొత్తం 133. మా అక్క అక్కడే ఉంటుంది, ఎక్కి ఫోటో పంపింది. ఒట్టి చేతులతో ఎక్కినా ఆయాసమొచ్చిందట.

సీమమిర్చి:
నేను టీచర్ని. మా మూడో తరగతిలో ఒకడు పక్కవాడి కళ్ళలో రెండు వేళ్ళు పొడిచాడు. అదృష్టం బాగుండి ఏం కాలేదు కానీ ఆ రోజు నాకున్న టెన్షన్ మీకు చెప్పలేను. ఎక్కడ నేర్చుకున్నావురా అంటే స్టూజెస్ వీడియో చూశానన్నాడు. స్టూజెస్‌లో మో నిజంగా పొడిచేది కనుబొమ్మల దగ్గరని, ఆ టింగుమనే చప్పుడు తర్వాత కలిపిందని ఆ వయసు పిల్లాడికి ఎవరు చెప్తారు? మీరంతా గ్యాప్, టైమింగ్ అంటున్నారు. పిల్లలకి అందేది వేళ్ళే.

ఇంకో మాట. దెబ్బ ఎవరి నుంచి ఎవరికి పోతోందో మీరెవరూ అడగట్లేదు. ఛాప్లిన్ 'ది ఇమ్మిగ్రెంట్'లో, 1917 అనుకోండి, వలసొచ్చినవాళ్ళ ఓడ న్యూయార్క్ చేరుతుంది. స్వేచ్ఛా విగ్రహం కనబడిన మరుక్షణం అధికారులు వాళ్ళందరినీ తాడుతో పశువుల్లా వెనక్కి నెడతారు. అదను చూసి ఛాప్లిన్ ఆ అధికారి పిర్ర మీద ఒక్కటి తన్నుతాడు. అమెరికా వీసా లైన్లో నిలబడొచ్చిన మనవాళ్ళెవరికైనా ఆ తన్ను విలువ తెలుస్తుంది. మన సినిమాల్లో ఎక్కువగా తన్నేది యజమాని, తినేది పనివాడు. కోట శ్రీనివాసరావు గారు బాబూమోహన్ గారిని తన్నే సీన్లకి హాలంతా ఊగిపోయేది, నేనూ ఊగాను, ఇప్పుడు చూస్తే అంత హాయిగా లేదు. హాలీవుడ్ షార్ట్‌లూ ఏమంత పునీతం కాదు. నల్లవాళ్ళని ఒట్టి పిరికిపందలుగా చూపించి నవ్వించినవి వాటిలో తక్కువేం లేవు. అవి ఎందుకు నిలబడలేదో కూడా మాట్లాడండి.

చెక్కభజన:
మేడమ్ గారి చివరి మాటకి నా దగ్గర జవాబు లేదు. చప్పుడు గురించి మాత్రం చెప్పాలనుంది.

ఇలా పడి, కొట్టుకుని నవ్వించే కామెడీని స్లాప్‌స్టిక్ అంటారు కదా, అది నిజంగా ఒక వస్తువు. ఇటలీ పాత హాస్య నాటకాల వాళ్ళు రెండు పలచటి చెక్కలు కలిపి కట్టిన కర్ర వాడేవారు. ఒంటికి తగలగానే రెండు చెక్కలూ ఒకదానికొకటి కొట్టుకుని ఫట్టుమంటాయి. దెబ్బ తక్కువ, చప్పుడు ఎక్కువ. ఆ కర్ర పేరే ఈ కామెడీకి వచ్చింది.

మాది నిమ్మలకుంట వైపు. తోలుబొమ్మలాట చూసినవాళ్ళకి కేతిగాడు, బంగారక్క, జుట్టుపోలిగాడు తెలిసే ఉంటారు. తెర మీద రామాయణం మహా గంభీరంగా నడుస్తుంటుంది, మధ్యలో వీళ్ళు దూరి తిట్టుకుంటారు, కొట్టుకుంటారు. తోలుబొమ్మ తోలుబొమ్మని కొడితే చప్పుడేం వస్తుంది? అందుకని ఆడించేవాళ్ళు కాళ్ళ కింద చెక్కలు వేసుకుని దెబ్బకి సరిగ్గా టపీమని తొక్కుతారు. చిన్నప్పుడు తెర వెనక్కి వెళ్ళి చూశాను. ముందు నుంచి చూస్తే యుద్ధం, వెనక నుంచి చూస్తే చెమటలు కారుతున్న ఒక పెద్దాయన పాదాలు. స్టూజెస్ సినిమాల్లో ప్రతి చెంపదెబ్బకీ వేసిన చప్పుడు విన్నప్పుడల్లా నాకు ఆ పాదాలు గుర్తొస్తాయి. చప్పుడు తీసేసి చూడండి, వాళ్ళ దెబ్బలు చూడలేం. కాబట్టి పాతరీలు గారూ, గ్యాప్ సగమే. మిగతా సగం, ఇది నిజం దెబ్బ కాదని చెవికి చెప్పే ఆ అబద్ధపు చప్పుడు.

రాత్రిషిఫ్టు:
అబద్ధపు చప్పుడు బాగుంది కానీ దెబ్బలన్నీ అబద్ధం కాదు. 1924లో 'షెర్లాక్ జూనియర్' షూటింగ్‌లో రైళ్ళకి నీళ్ళు పట్టే ట్యాంకు ధార మీద పడి కీటన్ పట్టాల మీదకి విసురుగా పడ్డాడు. మెడ ఎముక విరిగిందని ఏళ్ళ తర్వాత ఎక్స్‌రే తీస్తే కానీ తెలీలేదు. ఆ కాలపు ఇంకో హాస్యనటుడు హెరాల్డ్ లాయిడ్ 1919లో ఫోటో కోసం ఉత్తుత్తి బాంబు అనుకుని పట్టుకుంటే అది పేలి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. స్టూజెస్‌లో కర్లీకి 1946లో షూటింగ్ రోజునే పక్షవాతం వచ్చింది. ఆయన చివరి షార్ట్‌లు చూడండి, మాట తడబడుతుంటుంది, మొహం పీక్కుపోయి ఉంటుంది. అయినా తల మీద సుత్తి పడుతూనే ఉంటుంది. ఇది తెలిశాక ఎలా నవ్వుతారండీ మీరు?

పాతరీలు:
కర్లీ చివరి షార్ట్‌లు నేనూ చూడను. ఒకసారి పెట్టి మధ్యలో ఆపేశాను. అది మీరు చెప్పింది నిజం, అక్కడ గ్యాప్ కూడా లేదు. కళాకారుడికి ఓపిక పోయింది కాబట్టి రియాక్షన్ ఆలస్యంగా వస్తోంది. దాన్ని టైమింగ్ అనడానికి నాకు నోరు రాదు.

కీటన్ విషయంలో మాత్రం ఒప్పుకోను. చిన్నపిల్లాడిగా స్టేజి మీద వాళ్ళ నాన్న బంతిలా విసిరేస్తుంటే పడటం నేర్చుకున్న మనిషి ఆయన. తను నవ్వితే జనం నవ్వడం లేదని అప్పుడే కనిపెట్టి మొహం రాయి చేసుకున్నాడు. ఆ మనిషి మీద జాలి పడితే ఆయన పనిని తక్కువ చేసినట్టే.

సీమమిర్చి గారూ, మావాడికి స్టూజెస్ ఇంకా చూపించలేదు. మీ పోస్టు చదివాక ఇప్పట్లో చూపించను కూడా. చెక్కభజన గారి సగం వాటా ఇచ్చేస్తున్నా, కాకపోతే 'బిగ్ బిజినెస్'లో చప్పుడే లేదు మరి, దానికేమంటారో.

రాత్రిషిఫ్టు గారూ, మీకు చిన్నప్పటి అలవాటు లేదు కాబట్టి మీరే సరైన పరీక్ష. 'బిగ్ బిజినెస్' పంతొమ్మిది నిమిషాలే. ఒంటరిగా వద్దు, పక్కన ఎవరినైనా కూర్చోబెట్టుకుని చూడండి.

రాత్రిషిఫ్టు:
చూశా. మా నాయనమ్మని కూర్చోబెట్టుకుని చూశా, ఆవిడకి ఎనభై దాటాయి, లారెల్ ఎవరో హార్డీ ఎవరో తెలీదు. నాకు మొదటి పది నిమిషాలు ఏమీ అనిపించలేదు. పోలీసు నోట్‌బుక్ తీసినప్పుడు ముక్కులోంచి కొంచెం గాలి వచ్చింది, దాన్ని నవ్వు అని రాసుకోకండి.

నాయనమ్మ ఒక్కసారి కూడా నవ్వలేదు. తలుపు పగలగొడుతుంటే చేత్తో నోరు మూసుకుంది. అయిపోయాక చాలాసేపు ఏం మాట్లాడకుండా కూర్చుని, "పాపం, ఆ చెట్టేదో ఒకటి కొనేస్తే పోయేది కదరా, టేకు తలుపు ఇవాళ ఎంత ఉందో!" అంది.

ఎడిటింగ్‌టేబుల్:
😂😂 మామ్మ గారికి 'వన్ వీక్' మాత్రం చూపించకు బ్రో.