వెర్నన్ స్మిత్ పరిశోధన ప్రభావాన్ని దేనితో కొలవాలి?

ప్రశ్న: ఎం.ఏ. విద్యార్థి

నమస్కారం. నేను అర్థశాస్త్రంలో ఎం.ఏ. రెండో సంవత్సరం చదువుతున్నాను. ఒక అర్థశాస్త్రవేత్త పరిశోధన జీవితాన్ని అంచనా వేస్తూ సెమినార్ పత్రం రాయవలసి ఉండగా, ప్రయోగాత్మక అర్థశాస్త్రానికి పునాది వేసిన వెర్నన్ స్మిత్‌ను ఎంచుకున్నాను. ఆయన జీవితంలోని ప్రధాన ఘట్టాలు సేకరించాను: 1927లో అమెరికాలోని కాన్సస్ రాష్ట్రం విచిటాలో జననం, కాల్‌టెక్‌లో ఎలక్ట్రికల్ ఇంజనీరింగ్, 1955లో హార్వర్డ్ డాక్టరేట్, 1956లో పర్‌డ్యూ విశ్వవిద్యాలయ తరగతి గదిలో మొదటి ప్రయోగం, 1962లో దాని ఫలితాల ప్రచురణ, 1975 నుంచి 2001 వరకు అరిజోనా విశ్వవిద్యాలయం, 2002లో డేనియల్ కానెమన్‌తో కలిసి నోబెల్ బహుమతి.

నన్ను రెండు సందేహాలు వదలడం లేదు. గిరాకీ, సరఫరా రేఖలు కలిసే చోట ధర నిలుస్తుందని పాఠ్యపుస్తకం ముందే చెబుతోంది కదా, విద్యార్థులతో బేరాలాడించి అదే ఫలితం రాబట్టడంలో కొత్తదనం ఏమిటి? మనుషుల నిర్ణయాల్లో పొరపాట్లు ఎంత సహజమో చూపిన కానెమన్‌కూ, మార్కెట్ చక్కగా పనిచేస్తుందని చూపిన స్మిత్‌కూ ఒకే ఏడాది బహుమతి ఎలా పొసగింది? ప్రభావానికి సైటేషన్ల సంఖ్య, అంటే ఇతర వ్యాసాలు ఆయనను ఎన్నిసార్లు ఉదహరించాయన్న లెక్క, చూపితే చాలని మా మార్గదర్శకులు అంటున్నారు గాని, నాకు అది చాలదనిపిస్తోంది.

మొదటి జవాబు: డిగ్రీ కళాశాల అధ్యాపకుడు

మీ మొదటి సందేహంలోనే అసలు విషయం ఉంది. పాఠ్యపుస్తకంలోని ఆ ఫలితం నిజమని ఎవరూ పరీక్షించి నిరూపించలేదు, పరీక్షించే వీలే లేదని చాలామంది అనుకునేవారు. నిజమైన మార్కెట్లో కొనుగోలుదారు మనసులో ఎంత ధర వరకు సిద్ధంగా ఉన్నాడో బయటివారికి తెలియదు. అది తెలియనప్పుడు గిరాకీ రేఖను గీయలేము, రేఖ లేనప్పుడు ధర సరైన చోట నిలిచిందో లేదో చెప్పలేము. స్మిత్ ఆ రేఖలను తానే తయారుచేసి, ముక్కలుగా విడదీసి, ఒక్కొక్కరి చేతిలో ఒక్కో ముక్క పెట్టాడు.

ఈ ఆలోచనకు బీజం ఆయన గురువు ఎడ్వర్డ్ చాంబర్లిన్‌ది. చాంబర్లిన్ హార్వర్డ్ తరగతిలో విద్యార్థులకు కార్డులు పంచి, గదిలో తిరుగుతూ ఇద్దరిద్దరుగా బేరం కుదుర్చుకోమనేవాడు. ధరలు చెల్లాచెదురయ్యేవి, సిద్ధాంతం చెప్పినదానికంటే ఎక్కువ బేరాలు కుదిరేవి, దాంతో పూర్తి పోటీ అన్నది వాస్తవానికి దూరమని ఆయన 1948లో రాశాడు. ఆ ఆటలో విద్యార్థిగా పాల్గొన్న స్మిత్, తాను పాఠం చెప్పే రోజు వచ్చాక, రెండే మార్పులు చేశాడు. కొనేవారి ధర, అమ్మేవారి ధర అందరికీ వినబడేలా, షేర్ మార్కెట్ పద్ధతిలో రెండువైపుల వేలం పెట్టాడు. ఒకసారితో ఆపకుండా అదే మార్కెట్‌ను విడతలు విడతలుగా నడిపాడు. ధరలు సమతౌల్యం వైపు, అంటే గిరాకీ, సరఫరా రేఖలు కలిసే చోటికి, నడిచిన తీరు ఆయననే ఆశ్చర్యపరిచింది.

దీన్ని నేను మా విద్యార్థులతో చేయిస్తుంటాను. పదకొండు మంది కొనుగోలుదారులకు 150 నుంచి 50 రూపాయల దాకా పదేసి చొప్పున తగ్గే పరిమితులు, పదకొండు మంది అమ్మకందారులకు 50 నుంచి 150 దాకా పెరిగే ఖర్చులు రాసిన చీటీలు ఇస్తాను. ఎవరి చీటీ వారికే తెలుసు. రేఖలు 100 దగ్గర కలుస్తాయని గదిలో నాకు తప్ప ఎవరికీ తెలియదు. మొదటి విడతలో కేకలు, తొందరపాట్లు, నష్టపోయామన్న బాధ ఉంటాయి. మూడో విడతకల్లా బేరాలు 100కు అటూ ఇటూగా సర్దుకోవడం నేను ఎన్నిసార్లు చూసినా, ఆ గదిలో నిలబడి ఉన్నప్పుడు ఒళ్లు జలదరిస్తుంది. పాఠ్యపుస్తకం ఈ ఫలితానికి అవసరమని చెప్పిన సంపూర్ణ సమాచారం గాని, లెక్కకు అందనంత మంది అమ్మకందారులు గాని అక్కడ లేరు. మీరడిగిన కొత్తదనం ఇదే.

రెండో అడుగు మరింత ముఖ్యమైనదని నా అభిప్రాయం. ప్రయోగంలో ఆడేవారికి నిజమైన డబ్బు చెల్లించాలని, వారి ప్రతి నిర్ణయానికీ ఆ చెల్లింపు ముడిపడి ఉండాలని మనస్తత్వవేత్త సిడ్నీ సీగెల్ పని నుంచి స్మిత్ గ్రహించాడు. దాన్ని 1976లో ప్రేరిత విలువ (చెల్లింపు ద్వారా పరిశోధకుడే కల్పించే విలువ) సిద్ధాంతంగాను, 1982లో ప్రయోగశాలకు కావలసిన నియమాలుగాను క్రోడీకరించాడు. నేడు ఏ దేశంలో అర్థశాస్త్ర ప్రయోగం జరిగినా పాల్గొన్నవారికి వారి ఆటను బట్టి డబ్బు ముడుతోందంటే, ఆ పద్ధతి అక్కడి నుంచి వచ్చిందే. దాన్ని పాటించే వ్యాసాలన్నీ స్మిత్‌ను ఉదహరించవు, కనుక సైటేషన్ల లెక్కలో ఈ ప్రభావం సగమైనా కనబడదు.

రెండో జవాబు: ఆర్థిక మార్కెట్ల పరిశోధకురాలు

పై జవాబుతో ఏకీభవిస్తూ, కానెమన్ ప్రస్తావన గురించి చెబుతాను. స్మిత్ చూపింది మనుషులు హేతుబద్ధులని కాదు, కొన్ని మార్కెట్ నియమాలు మనుషుల లోపాలను సర్దుకుంటాయని. దీనికి బలమైన ఆధారం 1993లో ధనంజయ్ గోడే, శ్యామ్ సుందర్ ప్రచురించిన వ్యాసం. నష్టానికి బేరం చేయకూడదన్న ఒక్క షరతు తప్ప ఏ తెలివీ లేకుండా, యాదృచ్ఛికంగా ధరలు పలికే కంప్యూటర్ ప్రోగ్రాములను వారు రెండువైపుల వేలంలో దింపితే, అందుబాటులో ఉన్న లాభమంతా దాదాపు పూర్తిగా దక్కింది. అంటే ఆ సామర్థ్యంలో పెద్ద భాగం వ్యాపారులది కాదు, నియమాలది.

అయితే మార్కెట్ ఎప్పుడూ సరిగానే పనిచేస్తుందని స్మిత్ అన్నట్టు రాయకండి. ఆయన జెరీ సుచానెక్, ఆర్లింగ్టన్ విలియమ్స్‌లతో కలిసి 1988లో ప్రచురించిన ప్రయోగం ఇందుకు విరుద్ధంగా నిలుస్తుంది. అందులోని ఒక రూపంలో షేరుకు 15 విడతల ఆయుష్షు ఉంటుంది. ప్రతి విడతలో 0, 8, 28, 60 సెంట్లలో ఏదో ఒక డివిడెండ్ సమాన అవకాశంతో వస్తుంది. సగటు 24 సెంట్లు కాబట్టి మొదట్లో షేరు అసలు విలువ 3.60 డాలర్లు, ప్రతి విడతకూ 24 సెంట్లు తగ్గుతుంది. ఈ వివరాలు ఆడేవారందరికీ ముందే చెప్పినా, ధర అసలు విలువను దాటి బుడగలా ఉబ్బి, చివరి విడతల్లో కుప్పకూలింది. అదే బృందం రెండు మూడుసార్లు ఆడి అనుభవం గడించాక గాని బుడగ అణగలేదు. నిలవ ఉండని సరుకు మార్కెట్లో త్వరగా కుదిరే సమతౌల్యం, తిరిగి అమ్ముకోగల ఆస్తి మార్కెట్లో కుదరకపోవడాన్ని తన ప్రయోగశాలలోనే చూసి, దాచకుండా ప్రచురించిన మనిషి ఆయన. పత్రంలో ఈ వ్యాసానికి తగినంత చోటు ఇవ్వండి.

మూడో జవాబు: క్షేత్ర పరిశోధనల్లో పనిచేసిన వ్యక్తి

ఈ రంగంపై వచ్చిన విమర్శను కూడా న్యాయంగా రాయాలని నా మనవి. చిన్న మొత్తాల కోసం ఆడే విద్యార్థుల ప్రవర్తన నిజమైన వ్యాపారుల ప్రవర్తనకు ఎంతవరకు అద్దం పడుతుందన్న ప్రశ్నను స్టీవెన్ లెవిట్, జాన్ లిస్ట్ 2007లో గట్టిగా లేవనెత్తారు. అది తేలికగా కొట్టివేయదగినది కాదు. మరోవైపు, రెండు ప్రముఖ పత్రికల్లో 2011 నుంచి 2014 వరకు వచ్చిన 18 ప్రయోగశాల అధ్యయనాలను కొలిన్ కామరర్ బృందం తిరిగి నిర్వహించినప్పుడు 11 నిలిచాయి. ఇలా తిరిగి చేసి చూడగల వీలుండటమే ఈ పద్ధతి బలం.

మన ప్రాంతంతో పోలిక తేవాలనుకుంటే జాగ్రత్త అవసరం. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ ప్రభుత్వ పాఠశాలల్లో ఉపాధ్యాయుల ప్రోత్సాహకాలపై చేసి 2011లో ప్రచురించిన అధ్యయనం కూడా ప్రయోగమే, అక్కడా లాటరీ పద్ధతిలో బడులను ఎంచారు. కాని అక్కడ పరిశోధకుడు ఉన్న వ్యవస్థలో ఒక్క అంశాన్ని మార్చి ఫలితం చూస్తాడు. స్మిత్ ప్రయోగంలో విలువలు, ఖర్చులు, నియమాలు మూడూ పరిశోధకుడివే. రెంటినీ ఒకే గాటన కడితే ఆయన పని విశిష్టత చెదిరిపోతుంది.

ప్రశ్న అడిగిన విద్యార్థి

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. చివరిగా ఒక్కటి అడుగుతాను. ఈ ప్రయోగాలు ప్రయోగశాల దాటి విధాన నిర్ణయాల దాకా వెళ్లిన ఉదాహరణ ఉందా?

డిగ్రీ కళాశాల అధ్యాపకుడు

ఉంది. స్టీఫెన్ రసెంటి, రాబర్ట్ బల్ఫిన్‌లతో కలిసి స్మిత్ 1982లో విమానాశ్రయ స్లాట్ల (విమానాలు దిగడానికి, బయలుదేరడానికి కేటాయించే సమయాల) వేలాన్ని రూపొందించి ప్రయోగశాలలో పరీక్షించాడు. ఒక ఊళ్లో విమానం దిగే సమయం దొరికినా, మరో ఊళ్లో బయలుదేరే సమయం దొరకకపోతే విమాన సంస్థకు అది వృథా. అందుకే స్లాట్ల సమూహాలకు ఒకేసారి ధర పలికే పద్ధతిని వారు ప్రతిపాదించారు.

అదే ఏడాది జేమ్స్ హాంగ్, చార్లెస్ ప్లాట్ ప్రచురించిన ప్రయోగం అమెరికా జలరవాణా గురించినది. సరుకు పడవల యజమానులు తమ రేట్లను ముందుగా ప్రకటించాలన్న నియమం తెస్తే పోటీ పెరుగుతుందని దాని సమర్థకులు వాదించారు. ప్రయోగశాలలో ఆ నియమం ధరలను పెంచి, చిన్న యజమానులను దెబ్బతీసింది. మీ పత్రంలో సైటేషన్ల పట్టిక పక్కన ఈ రెండు వ్యాసాలనూ వివరంగా చర్చించండి, మీ మార్గదర్శకులు కాదనరని నమ్ముతున్నాను.