డవర్‌ని కట్నం అనొచ్చా?

ఒక అనువాదం సరిచూస్తున్నాను. మధ్యయుగపు ఇంగ్లండ్ గురించిన అధ్యాయంలో ఈ వాక్యం తగిలింది: "భర్త పోయాక ఆమె తన కట్నం కోసం కోర్టుకెక్కింది." మూలంలో ఉన్న మాట డవర్. డౌరీ కాదు. రెండూ లాటిన్‌లోని 'డోస్' అనే మాట నుంచి వచ్చాయి. దానికీ మన 'దానం'కీ ధాతువు ఒకటే, ఇవ్వడం అని. కానీ ఎవరు ఎవరికి ఇస్తారన్నది పూర్తిగా తిరగబడింది. కట్నం పిల్ల పుట్టింటి నుంచి వస్తుంది. డవర్ మొగుడి భూమిలోంచి, ఆయన పోయిన తరవాత, పెళ్ళానికి వచ్చే పాలు. మన పాఠకుడు ఆ వాక్యం చదివి, ఆమె తన పుట్టింటి సొమ్ము తిరిగి అడుగుతోందనుకుంటాడు. ఆమె అడిగేది అత్తింటి పొలం. కథంతా తప్పుదారి పట్టినట్టే.

ఆ రోజుల్లో పెళ్ళి చర్చి గుమ్మం దగ్గర జరిగేది. నా భూమిలో నీకింత అని వరుడు అక్కడే, నలుగురి ముందు చెప్పేవాడు. 1217లో మాగ్నా కార్టాను, అంటే రాజు ఒప్పుకున్న హక్కుల పత్రాన్ని, తిరిగి ప్రకటించినప్పుడు లెక్క తేల్చారు: గుమ్మం దగ్గర తక్కువకు ఒప్పుకుని ఉంటే తప్ప, భర్త బతికుండగా అతని చేతిలో ఉన్న భూమిలో మూడో వంతు. ఆ భూమిలో పిండిమర ఉంటే దాన్ని మూడు ముక్కలు చేయలేరు కదా, దాని ఆదాయంలో మూడో వంతు ఇచ్చేవారు.

1215 నాటి మొదటి మాగ్నా కార్టాలో 7వ నిబంధన చూడండి. భర్త పోయాక భార్య 40 రోజులు ఆ ఇంట్లోనే ఉండొచ్చు, ఈలోగా ఆమె పాలు పంచి ఇవ్వాలి. ఆ 40 రోజులకు న్యాయశాస్త్రంలో పేరు క్వారంటైన్. కోవిడ్‌లో మనందరి నోటా నానిన మాటే! ఇంగ్లీషులో అది ఓడల రోగాలకంటే ముందు ఒక వితంతువు నీడకు సంబంధించిన మాట అని తెలిసినప్పుడు నాకు మనసు అదోలా అయింది.

అయితే ఈ డవర్ భూమిని ఆమె అనుభవించాలే తప్ప అమ్ముకోకూడదు. ఆమె పోయాక అది వారసుడికి చేరుతుంది. ఇంగ్లండ్‌లోని నార్ఫక్‌లో పాస్టన్ల కుటుంబమే తీసుకోండి. జడ్జి విలియం పాస్టన్ 1444లో పోయాడు. భార్య ఆగ్నెస్ 1479 దాకా, అంటే ఇంకో 35 ఏళ్ళు బతికింది. పెద్దకొడుకు జాన్ ఆమె కళ్ళముందే 1466లో పోయాడు, తల్లి చేతిలోని భూములు తన చేతికి రాకుండానే.

మరి తెలుగులో ఏమందాం? 'మనోవర్తి' దగ్గరగా ఉంది కానీ అది పోషణకిచ్చే డబ్బు. 'స్త్రీధనం' పుట్టింటివాళ్ళు ఇచ్చినా భర్త ఇచ్చినా ఆమె సొంత ఆస్తి. 'పసుపు కుంకుమ' పుట్టింటివైపుది. ముస్లింల పెళ్ళిలో మెహర్ భర్త ఇచ్చేదే, కానీ అది బాకీ లాంటిది, భూమిలో వాటా కాదు.

మాట లేకపోయినా ఆ బతుకు మనకు తెలుసు. మా నాయనమ్మ పేర రాసిన కాగితంలో "జీవితకాలం అనుభవించి, దాన విక్రయాది హక్కులు లేకుండా" అని ఉంది. రెండెకరాల మెట్ట, దక్షిణం వైపు గది, బావిలో నీళ్ళ హక్కు. మన దగ్గర ఈ కట్టు 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్‌తో తెగింది. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్ళిన తులసమ్మ కేసులో సుప్రీంకోర్టు 1977లో స్పష్టంగా చెప్పింది: మనోవర్తి కింద, అనుభవించడానికి మాత్రమే అని రాసిచ్చిన ఆస్తి కూడా ఆమె సొంతమే.

అందుకే నా ఓటు 'వితంతుపాలు'కి. అన్నదమ్ముల పాలు, పాలివాళ్ళు అని మనం రోజూ అనే మాటే.

వ్యాఖ్య: బాగుందండీ. కానీ పిల్లలు చదివితే తాగే పాలు అనుకోరూ? 'వితంతు వాటా' అంటే సరిపోదా?

జవాబు: వాటా అన్నా తప్పు లేదండీ. కాకపోతే పాలు అన్నప్పుడు ఇల్లూ పొలమూ పంచుకునే దృశ్యం కళ్ళముందుకొస్తుంది. వాటా అంటే కంపెనీ షేర్లూ గుర్తొస్తాయి.

వ్యాఖ్య: జాయించర్ అని ఇంకోటి వస్తుంది కదా గురువుగారూ, అదీ ఇదీ ఒకటేనా?

జవాబు: కాదండీ. పెళ్ళప్పుడే మొగుడూ పెళ్ళాల పేర కలిపి రాసే భూమి అది. ఒకరు పోతే రెండోవారు జీవితాంతం అనుభవిస్తారు. ఆగ్నెస్ పాస్టన్‌కి ఆక్స్‌నెడ్ ఎస్టేటు అలా వచ్చిందే. 1536 చట్టం తరవాత, పెళ్ళికి ముందే జాయించర్ రాస్తే ఇక డవర్ అడగడానికి లేదు. దీన్ని 'జంటపట్టా' అందామని ఉంది. ఇంకోటి, 'డవేజర్' కూడా డవర్‌తో ఒకే మూలంలోంచి పుట్టిందే, భర్త ఆస్తిలో పాలు అనుభవించే వితంతువు అని. దాన్ని 'రాజమాత' అని రాయకండి. ఆమెకు బిడ్డలే ఉండకపోవచ్చు.