అప్‌డేట్: బ్రెస్ట్ లిఫ్ట్ అయిపోయింది, నాకు ఎదురైనవి చెబుతున్నా

ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక రొమ్ములు బాగా జారాయి, వాటిని పైకి లేపే సర్జరీ (బ్రెస్ట్ లిఫ్ట్) చేయించుకుంటే నొప్పి ఎంత, మచ్చలు పడతాయా, పాపను ఎప్పుడు ఎత్తుకోవచ్చు అని హనుమకొండ నుంచి అడిగింది నేనే. ధైర్యం చెప్పిన అక్కలందరికీ థాంక్స్. సర్జరీ అయిపోయింది.

నొప్పి మాత్రలతో తగ్గింది. అసలు ఇబ్బంది చేతులతోనే. పైకెత్తితే కుట్ల దగ్గర లాగేది, జడ కూడా అమ్మే వేసింది. పాప ఎత్తుకోమని చేతులు చాపితే ఏడుపొచ్చేది. మంచం మీద కూర్చుని, పక్కన కూర్చోబెట్టుకునేదాన్ని. బరువులు మామూలుగా 4 నుంచి 6 వారాలు ఎత్తొద్దంటారు. ఇంట్లో తోడు మనిషి లేకుండా మాత్రం దీనికి వెళ్లకండి.

నాకు చనుమొన చుట్టూ, అక్కడి నుంచి కిందికి, రొమ్ము కింది మడతలో కోతలు పెట్టారు. మచ్చలు ఇంకా ఎర్రగానే ఉన్నాయి. ఏడాది, ఆపైన మెల్లగా పాలిపోతాయి కానీ పూర్తిగా పోవు. చనుమొనల్లో స్పర్శ తగ్గింది. చాలామందికి కొన్ని నెలల్లో తిరిగొస్తుంది, కొందరికి రాకపోవచ్చు. ఇది సర్జరీకి ముందే డాక్టర్‌ను గట్టిగా అడగండి. ఇంకో బిడ్డ ఆలోచన ఉంటే ఆగడం మంచిది, గర్భంతో మళ్లీ జారే అవకాశం ఉంది. జ్వరం వచ్చినా, ఒకవైపే ఉన్నట్టుండి వాచినా వెంటనే డాక్టర్‌కు ఫోన్ చేయాలి.

సర్జరీ తర్వాత ఏ బ్రా వేసుకోవాలని అడిగిన అక్కకు: వైర్ లేనిది, ముందు హుక్కులున్నది కొనండి. తలమీంచి వేసుకునేది అస్సలు కుదరదు.