పక్షివేట కుక్క శిక్షణకు ఏ బ్లాంక్ పిస్టల్ కొనమంటారు?

నమస్కారం. మేము అమెరికాలోని కాన్సాస్ రాష్ట్రంలో ఉంటున్నాం. మా బ్రిటనీ కుక్కకు 14 నెలలు. బాబ్‌వైట్ కౌజుల వాసన పట్టి కదలకుండా నిలబడటం బాగానే వచ్చింది కనుక, దానిని ఏకేసీ (అమెరికన్ కెన్నెల్ క్లబ్) వారి జూనియర్ హంటర్ అనే తొలి స్థాయి వేట పరీక్షకు దింపాలనుకుంటున్నాను. అక్కడ బ్లాంక్ (గుండు లేకుండా చప్పుడు మాత్రమే చేసే తూటా) పేల్చవలసింది కుక్కను నడిపించేవారే కాబట్టి సొంతంగా ఒక పిస్టల్ అవసరమైంది.

.22 సైజు బ్లాంకులు పేల్చేది తీసుకోవాలా, షాట్‌గన్ తూటాల్లో మందు అంటించడానికి వాడే 209 ప్రైమర్లతో (చిన్న టోపీల వంటివి) పనిచేసేది తీసుకోవాలా అన్నది తేలడం లేదు. ఒక మిత్రుని దగ్గర రెండు రకాలూ అడిగి తెచ్చి వాడి చూశాను. 209 రివాల్వర్‌లో పేలిన ప్రైమర్లు ఉబ్బి ఇరుక్కుపోవడంతో, చలికి కొంకర్లు పోయిన వేళ్లతో మేకు పట్టుకుని ఒక్కొక్కదాన్నే పొడిచి తీయవలసి వచ్చింది. ఈలోగా మా కుక్క పొలం గట్టు దాటిపోయింది. ఇది ఆ రకానికంతటికీ ఉన్న జబ్బా, లేక మసి తుడవకపోవడం వల్ల వచ్చిందా?

.22లో చిన్న ఏకార్న్ బ్లాంకుల చప్పుడు తక్కువ, మూతి నొక్కిన క్రింప్డ్ రకానిది ఎక్కువ. కుక్క బెదరకూడదని, అది పక్షి వెంట పరుగెత్తుతున్నప్పుడు దూరం నుంచి ఏకార్న్‌తోనే మొదలుపెట్టాను. ఇంతవరకు చెవి కూడా కదపలేదు. అయితే ఇక్కడి మైదానాల హోరుగాలిలో ఆ చిన్న చప్పుడు న్యాయనిర్ణేతలకు వినబడుతుందా, లేక ఇప్పటినుంచే క్రింప్డ్‌కు అలవాటు చేయడం మేలా? మందపాటి గ్లోవ్స్‌తో, ఒంటిచేత్తో వాడటానికి రివాల్వర్ అనువా, మ్యాగజైన్ రకం అనువా? పరీక్షల్లో పాల్గొన్న అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.